రైతు సబ్సిడీ జాబితాలో ఎవరి పేరు కనిపిస్తుంది, ఎవరిది కనిపించదు

2025 ఆగస్టు 2న ఆంధ్రప్రదేశ్ రైతుల ఖాతాల్లో పెట్టుబడి సాయం పథకం అన్నదాత సుఖీభవ తొలి విడత పడింది. రాష్ట్రం వాటా 5,000, కేంద్ర పథకం పీఎం కిసాన్ వాటా 2,000, కలిపి 7,000 రూపాయలు. నవంబరు 19న ఇంకో 7,000 పడింది. ఆ రెండుసార్లూ చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో టీ అంగళ్ల దగ్గర నడిచిన మాట ఒకటే. నీకు పడిందా, మరి నాకెందుకు పడలేదు? ఆ వెంటనే ఇంకో మాట. ఊర్లో సెంటు భూమి కూడా సేద్యం చేయని ఆయనకు ఎట్లా పడింది?

మొదటి ప్రశ్నకు జవాబు ఫోన్‌లోనే దొరుకుతుంది. ఆధార్ నంబరు కొడితే పోర్టల్ స్టేటస్ చూపిస్తుంది, ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ వాట్సాప్‌లో అడిగినా చెబుతుంది. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరే. పక్కవాడి డబ్బు గురించి ఆరా తీయడం మర్యాద కాదని మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. అయితే అది పక్కవాడు సంపాదించుకున్న డబ్బు కాదు, ఖజానా నుంచి వెళ్లిన డబ్బు. ఎవరికి ఇచ్చారు, ఏ లెక్కన ఇచ్చారు, ఎంత ఇచ్చారు అని అడిగే హక్కు ఊరికి ఉంది. అదే సమయంలో ఆ రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా బజారున పడకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమే. కానీ మన దగ్గర వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది. చిన్న మొత్తాలకు పేర్లున్నాయి, పెద్ద మొత్తాలకు లేవు. 2,000 రూపాయలు తీసుకున్న చిన్న రైతు పేరు ఎక్కడి నుంచైనా ఎవరైనా చూడొచ్చు. అదే రైతు పేరు మీద డ్రిప్పు కంపెనీకి వెళ్లిన 90 వేలు పక్క పొలం వాడికి కూడా కనిపించవు.

చేతికి వచ్చే డబ్బు

ముందు నేరుగా ఖాతాలో పడే డబ్బు సంగతి చూద్దాం. పీఎం కిసాన్‌ను 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించారు, లెక్క మాత్రం 2018 డిసెంబరు 1 నుంచి కట్టారు. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. మొదట 2 హెక్టార్లలోపు రైతులకే అన్నారు, 2019 మధ్యకు వచ్చేసరికి భూమి ఉన్న రైతు కుటుంబాలన్నిటికీ వర్తింపజేశారు. కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, నెలకు 10,000 ఆపైన పెన్షన్ తీసుకునేవాళ్లకు, ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు, లాయర్లకు, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్లకు, సంస్థల పేరు మీదున్న భూములకు రాదు. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి ఎవరి పేరున ఉంటే వాళ్లే అర్హులు. ఆ తర్వాత కొన్నవాళ్లకు అవకాశం లేదు, వారసత్వంగా వచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది.

దీనికి రాష్ట్రం తన వాటా కలుపుతోంది. 2019 అక్టోబరు 15న మొదలైన రైతు భరోసాలో రాష్ట్రం 7,500 ఇచ్చేది, కేంద్రం డబ్బుతో కలిపి 13,500. ఇప్పుడు అన్నదాత సుఖీభవలో రాష్ట్రం 14,000, కేంద్రం 6,000, మొత్తం 20,000 లెక్క. పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ వేరు. 33 శాతానికి పైగా పంట పోయిందని పొలాల్లో చేసే నష్టం లెక్కింపు, అంటే ఎన్యూమరేషన్‌లో తేలితే కేంద్ర నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, మామిడిలాంటి బహువార్షిక తోటకు 22,500. అదీ 2 హెక్టార్ల వరకే. పంటల బీమా ఇంకో దారి, దాన్ని ఇక్కడ కదిపితే వ్యాసమంతా అదే అవుతుంది.

ఈ డబ్బులన్నిటికీ ఏదో ఒక జాబితా ఉంది. పీఎం కిసాన్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే లబ్ధిదారుల పేర్లు వస్తాయి. రైతు సేవా కేంద్రాల్లో సామాజిక తనిఖీ పేరుతో లిస్టులు అంటిస్తారు. అభ్యంతరాలుంటే చెప్పమని గడువు కూడా ఇస్తారు.

ఆ లిస్టును దగ్గర నుంచి చూస్తే దాని బలహీనత తెలుస్తుంది. పాకాల వైపు ఒక కేంద్రంలో నేను చూసింది చెబుతాను. తలుపు పక్కన గోడకు ఏ ఫోర్ కాగితాలు టేపుతో అంటించారు. కింది కాగితం వాన జల్లుకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. వరుస నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, భూమి ఖాతా నంబరు, స్థితి. స్థితి గడిలో అందరికీ ‘అర్హులు’ అనే ఉంది. ఒక పెద్దాయన వచ్చి వ్యవసాయ సహాయకురాలిని అడిగారు.

“పాపా, నా పేరు యాడుండాదో చూడమ్మా.”

ఆ అమ్మాయి గోడ మీద పేరు చూపించింది. తర్వాత ఫోన్‌లో లాగిన్ తెరిచి చూసి చెప్పింది. “తాతా, నువ్వు అర్హుడివే. నీ ఆధారు పాత బ్యాంకు ఖాతాకు లింకై ఉండాది. ఆ ఖాతా ఇనాక్టివ్. డబ్బు వెనక్కి పోయింటుంది.”

“లిస్టులో పేరుండాది కదమ్మా?”

“పేరుంది తాతా, డబ్బే పడలేదు.”

గోడ మీద కాగితం ప్రకారం ఆయనకు డబ్బు ముట్టినట్టే. ఆ ఊర్లో ఎవరైనా లెక్క తీస్తే ఈ పెద్దాయనను కూడా లబ్ధిదారుల్లో కలిపేస్తారు. అర్హుల జాబితా వేరు, చెల్లింపుల జాబితా వేరు. ఎవరికి డబ్బు నిజంగా జమ అయింది, ఎవరిది వెనక్కి వచ్చింది, ఎవరిని తిరస్కరించారు, ఏ కారణంతో తిరస్కరించారు అన్నవి కూడా గోడ మీద ఉండాలి. ముఖ్యంగా తిరస్కరణ కారణం. మన జిల్లాల్లో పేరు ఆగిపోవడానికి సాధారణంగా ఉండే కారణాలు అందరికీ తెలిసినవే. చనిపోయిన తాత పేరు మీదే వన్ బీ (భూమి హక్కు రికార్డు) ఉండటం, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాకపోవడం, ఆన్‌లైన్ భూ రికార్డు వెబ్‌ల్యాండ్‌లో వేరేవాళ్ల ఆధార్ జత కావడం, డీకేటీ పట్టా (ప్రభుత్వ భూమికి ఇచ్చిన పట్టా) ఉన్నా ఆన్‌లైన్‌లో ఎక్కకపోవడం, చుక్కల భూముల (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్న భూముల) తగాదా, ఈ-కేవైసీ పెండింగు. వీటిలో చాలా వరకు రైతు తప్పు కాదు. కారణం పక్కన రాసి ఉంటే, ఒకే రెవెన్యూ గ్రామంలో ఇరవై మందికి ఒకే తప్పు జరిగిందని కనిపిస్తుంది. అప్పుడు తహసీల్దారు ఆఫీసులో ఒకేసారి సరి చేయించుకోవచ్చు. ఇప్పుడైతే ఎవరి పాటు వాళ్లది. సోమవారం గ్రీవెన్సుకు ఒక్కొక్కరూ ఒక్కో అర్జీ పట్టుకుని కలెక్టరేటుకు బస్సెక్కుతున్నారు.

చేతికి రాని డబ్బు

రైతు పేరు మీద ఖర్చయ్యే డబ్బులో పెద్ద భాగం రైతు ఖాతాకు రానే రాదు. అందుకే అది చర్చలోకి కూడా రాదు.

కరెంటుతో మొదలుపెడదాం. వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద 2004 మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేశారు. అప్పటి నుంచి ఏ ప్రభుత్వం వచ్చినా అది కొనసాగుతోంది, కొనసాగాలి కూడా. వెయ్యి అడుగుల లోతుకు బోరు వేసుకునే మన నేల మీద బిల్లు కట్టి సేద్యం చేయమంటే సగం బీళ్లు అవుతాయి. ఈ సబ్సిడీ రైతుకు ఇవ్వరు. ప్రభుత్వం విద్యుత్ పంపిణీ సంస్థకు కడుతుంది. మన ప్రాంతానికి ఆ సంస్థ దక్షిణ డిస్కం, దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. 2025-26 బడ్జెట్‌లో అన్నదాత సుఖీభవకు పెట్టింది 6,300 కోట్లయితే, వ్యవసాయ ఉచిత విద్యుత్‌కు పెట్టింది 12 వేల కోట్లకు పైనే. అంటే దాదాపు రెండింతలు.

ఒక రైతుకు ఇది ఎంత అవుతుందో మనమే వేసి చూడొచ్చు. 7.5 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 5.6 కిలోవాట్లు. రోజుకు 9 గంటలు ఆడితే 50 యూనిట్లు. ఏడాదిలో 200 రోజులు ఆడిందనుకుంటే 10 వేల యూనిట్లు. యూనిట్ ఖర్చు 6 రూపాయలనే అనుకున్నా 60 వేల రూపాయలు. మూడు బోర్లున్న ఆసామికి లక్షా 80 వేలు. బోరే లేకుండా ఆకాశం వైపు చూస్తూ వేరుశనగ వేసే మెట్ట రైతుకు సున్నా. ఆయనకొచ్చేది ఆ 20 వేలు, అదీ పేరు లిస్టులో ఉండి, ఖాతా యాక్టివ్‌గా ఉంటే.

మూడు బోర్లున్న ఆసామి తప్పు చేశాడని నేను అనడం లేదు. బోర్లు ఎండిపోయి అప్పుల్లో మునిగిన ఆసాములు ఇక్కడ ప్రతి ఊర్లో ఉన్నారు. అయితే రైతు సాయం అనగానే అందరూ 20 వేల గురించే మాట్లాడుకుంటే, డబ్బు అసలు ఏ వైపు వెళ్తోందో తెలియదు. ఊర్లో ఎన్ని వ్యవసాయ సర్వీసులున్నాయి, ఏ సర్వీసు ఎన్ని హెచ్‌పీ అన్నది డిస్కం రికార్డుల్లో ఉంటుంది. ఊరి వారీగా మొత్తం సబ్సిడీ ఎంతో రైతు సేవా కేంద్రం గోడ మీద ఒక్క వరుసలో రాయొచ్చు. దానికి ఏ రైతు పేరూ బయటపెట్టనక్కర్లేదు.

డ్రిప్పుది ఇంకో తీరు. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం వల్ల మన జిల్లాల్లో మామిడి, టమోటా, కూరగాయల రైతులు నిజంగా బాగుపడ్డారు. చిన్న రైతుకు 90 శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం సబ్సిడీ అంటే మాటలు కాదు. రైతు తన వాటా కడతాడు, కంపెనీ వచ్చి పైపులు వేస్తుంది, సిబ్బంది తనిఖీ చేస్తారు, మిగతా డబ్బు ప్రభుత్వం నుంచి కంపెనీకి వెళ్తుంది. ఎస్టిమేటు లక్ష అయితే రైతు కట్టేది 10 వేలు, కంపెనీకి ముట్టేది లక్ష. ఆ 90 వేలు పుస్తకాల్లో రైతు పేరు మీదే పడతాయి. ఎస్టిమేటు ఎవరు వేశారు, ఎన్ని మీటర్ల లేటరల్ పైపు లెక్క కట్టారు, పొలంలో వేసింది ఎంత అన్నది రైతుకు సరిగా తెలియదు. రైతు పేరు, సర్వే నంబరు, కంపెనీ పేరు, పైపు మీటర్లు, చెల్లించిన మొత్తం కలిపి ఊరి గోడ మీద పెట్టే అలవాటు లేదు. పెడితే తనిఖీకి ప్రత్యేకంగా ఎవరూ రానక్కర్లేదు. పక్క మడి వాడు చాలు.

ఎరువులదీ అంతే. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చుకు, ఈ ధరకు మధ్య తేడాను కేంద్రం కంపెనీలకు కడుతుంది. 2018 నుంచి దేశమంతా డీలరు దగ్గర ఈ-పాస్ మెషీన్‌లో అమ్మకం నమోదయ్యాకే కంపెనీకి సబ్సిడీ విడుదలయ్యే పద్ధతి వచ్చింది. వేలిముద్ర పెట్టింది రైతు, డబ్బు వెళ్లింది కంపెనీకి. తన పేరు మీద ఎన్ని బస్తాలు రాశారో ఆ రైతుకు రసీదు చేతికిస్తేనే తెలుస్తుంది. రసీదు అడగకుండా బస్తా ఎత్తుకుని వచ్చేవాళ్లే మనలో ఎక్కువ. దయచేసి అడగండి.

నాలుగు రూపాయల మామిడి

2025 వేసవిలో తోతాపురి రకం మామిడి ధర పడిపోయినప్పుడు జరిగింది చూస్తే ఈ విషయమంతా కళ్లకు కడుతుంది. బంగారుపాళెం, దామలచెరువు మార్కెట్లలో ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూ కట్టాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 రూపాయలు రైతుకు అందాలని రాష్ట్రం నిర్ణయించింది. కేంద్రం కూడా మార్కెట్ జోక్య పథకం కింద 1.62 లక్షల టన్నుల తోతాపురికి సాయం చేయడానికి ఒప్పుకుంది. పక్క రాష్ట్రాల కాయ జిల్లాలోకి రాకుండా జూన్‌లో ఆంక్షలు పెడితే, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు.

ఈ 4 రూపాయలు భూమి మీద ఇచ్చే డబ్బు కాదు, తూకం మీద ఇచ్చే డబ్బు. ఎకరాకు 4 టన్నులు అనుకుంటే 16 వేలు, 5 ఎకరాల తోటకు 80 వేలు. తూకం మీద ఇచ్చే ఏ సబ్సిడీలోనైనా తూకం చీటీయే ప్రాణం. ఆ చీటీ ఎవరి పేరు మీద రాశారన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న, ఎందుకంటే మన మామిడి వ్యాపారం తీరే వేరు. చాలామంది తోటను పూత మీదో, పిందె మీదో వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తారు. కాయ కోసేది వ్యాపారి, మండీకి తోలేది వ్యాపారి, ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో పేరు మాత్రం తోట యజమానిది. ధర పడిపోయినప్పుడు నష్టపోయింది ఎవరు? గుత్తకు తీసుకున్న వ్యాపారి కూడా కొన్నిచోట్ల చిన్న రైతే, పక్క ఊరి నుంచి వచ్చి అప్పు తెచ్చి పెట్టినవాడే. ఆ 4 రూపాయలు ఎవరికి చెందాలన్నది రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. కానీ ఎవరి ఖాతాలో పడ్డాయో తెలియకపోతే మాట్లాడుకోవడానికి మొదలే ఉండదు.

మామిడి విషయంలో బహిరంగ జాబితా ఎంత పని చేస్తుందో ఊహించండి. రైతు పేరు, గ్రామం, తోట విస్తీర్ణం, అమ్మిన టన్నులు, ఏ ఫ్యాక్టరీకి లేదా ఏ మండీకి, ఏ తేదీన, జమ అయిన సబ్సిడీ. ఇంతే. 2 ఎకరాల తోటకు 40 టన్నులు రాసి ఉంటే ఆడిటర్ రావాల్సిన పని లేదు. ఎవరి తోటలో ఎన్ని చెట్లున్నాయో, ఆ ఏడు ఎంత కాపు కాసిందో ఊర్లో చిన్న పిల్లాడు కూడా చెబుతాడు. ఆ తెలివిడిని వాడుకోవాలంటే ఊరి ముందు కాగితం పెట్టాలి.

ఇంకో సంగతి. ఆ జాబితాలో ప్రభుత్వం ఇచ్చిన 4 రూపాయలు ఒక్కటే ఉంటే సగం కథే. ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 8 రూపాయలు పూర్తిగా, సమయానికి రాలేదని చిత్తూరులో రైతులు ఆందోళనకు దిగారు. ప్రభుత్వ సబ్సిడీ ఫ్యాక్టరీ తూకాల ఆధారంగా నడిచినప్పుడు, ఆ ఫ్యాక్టరీ రైతుకు కిలోకు ఎంత కట్టిందన్నది కూడా అదే పట్టికలో ఉండటం న్యాయం. ప్రభుత్వం మీద భారం పడిన చోట కంపెనీ లెక్కను సొంత వ్యాపార రహస్యమంటే ఒప్పుకోవడం కష్టం.

కౌలు రైతు దగ్గర జాగ్రత్త

జాబితాలు బయటపెట్టడం ఎప్పుడూ మంచిదే అనుకుంటే కౌలు రైతు విషయంలో పొరపాటు పడతాం. పీఎం కిసాన్ భూమి ఉన్నవాళ్లకే. కౌలు రైతుకు రాదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద యజమాని సంతకంతో 11 నెలలకు కార్డు ఇస్తారు. అంతకు ముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులుండేవి. రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు కార్డు ఉంటే మొత్తం 13,500 రాష్ట్రమే ఇచ్చింది. సమస్య అంతా సంతకం దగ్గరే. ఎక్కడో బెంగళూరులోనో చెన్నైలోనో ఉండే యజమాని, సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయపడి పెట్టడు. నోటి మాట మీద కౌలు నడుస్తుంది. శ్రీకాళహస్తి, ఏర్పేడు వైపు వరి మడులు చూస్తే నాటేది ఒకరు, సబ్సిడీ పడేది ఇంకొకరికి.

ఈ-క్రాప్‌లో సాగుదారుగా కౌలు రైతు పేరు ఎక్కించి, దాన్ని నెట్‌లో పెట్టేస్తే ఏమవుతుంది? యజమాని చూస్తాడు. మరుసటి ఏడు ఆ రైతుకు మడి ఇవ్వడు. బహిరంగం చేసిన మంచి పని ఒక పేదవాడి కూడు తీసేస్తుంది. అందుకే కార్డు లేని కౌలు రైతు పేరు, యజమాని పేరు పక్కపక్కన ఇంటర్నెట్‌లో పెట్టకూడదన్నది నా అభిప్రాయం. యజమాని సంతకం పెట్టిన కార్డు ఉంటే దాచాల్సింది ఏమీ లేదు. లేనిచోట సంఖ్యలు చాలు. ఈ గ్రామంలో సాగైన ఎకరాలు ఇన్ని, అందులో యజమాని కాని వాళ్లు చేస్తున్నవి ఇన్ని, సబ్సిడీ అందుకున్న సాగుదారులు ఇంతమంది. ఆ మూడు అంకెలు గ్రామసభలో చదివితే చాలు, అసలు విషయం బయటపడుతుంది.

చట్టం ఏమంటోంది

సబ్సిడీ జాబితాలు బయటపెట్టడం అధికారి దయ మీద ఆధారపడిన పని కాదు. సమాచార హక్కు చట్టం, 2005లో 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే ప్రచురించాల్సిన వివరాలను చెబుతుంది. సబ్సిడీ పథకాలను ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులెవరు అన్నది అందులో స్పష్టంగా ఉంది. ఇది చట్టంలోని అక్షరం. మన జిల్లాల్లో డ్రిప్పుకైనా, మామిడికైనా ఇది వర్తిస్తుంది.

ఈ చట్టం ఏం చేయగలదో పీఎం కిసాన్ విషయంలోనే తెలిసింది. సమాచార హక్కు కింద అడిగిన ప్రశ్నకు జవాబుగా, 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయని కేంద్ర వ్యవసాయ శాఖ ఒప్పుకుంది. అందులో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లే. ఇది 2021 జనవరిలో బయటికి వచ్చింది. అంతకు ముందు ఏడాది మన సరిహద్దు అవతల తమిళనాడులో, స్వయంగా నమోదు చేసుకునే సౌకర్యాన్ని దుర్వినియోగం చేసి లక్షల మంది అనర్హుల పేర్లు ఎక్కించారు. సుమారు 110 కోట్లు పక్కదారి పట్టాయి. ఏజెంట్లు, అధికారుల లాగిన్‌లు కలిసి చేసిన పని అది. రైతుల పేర్లు పోర్టల్‌లో ఉన్నా ఊర్లో ఎవరూ ముందుగా చూసి చెప్పలేదంటే, జాబితా నెట్‌లో ఉండటం ఒక్కటే సరిపోదని అర్థం. ఊరికి చదివి వినిపించాలి.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అనే మినహాయింపు ఉంది. మునుపు దాని ప్రకారం, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత వివరాలను మాత్రమే నిరాకరించవచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఆ వివరాలూ ఇవ్వాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతులన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారం అయితే ఇవ్వనక్కర్లేదు అన్నంత వరకు కుదించింది. ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఏ రైతుకు ఎంత సబ్సిడీ ఇచ్చారని అడిగితే “అది వ్యక్తిగత సమాచారం” అని ఒక్క ముక్కలో తిప్పి పంపే అవకాశం అధికారికి ఏర్పడింది. ఇది నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 8(2) సెక్షన్ అలాగే ఉంది. రహస్యం కాపాడటం కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఇక డేటా చట్టం 3వ సెక్షన్‌లోనే, వేరే చట్టం ప్రకారం బయటపెట్టాల్సిన బాధ్యత ఉండి బయటపెట్టిన వివరాలకు ఈ చట్టం వర్తించదని ఉంది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ అలాంటి బాధ్యతే. అర్జీలో ఈ రెండింటినీ పేరు పెట్టి రాయాలి.

ఇదే తగువు యూరప్‌లో మనకంటే ముందే నడిచింది. యూరోపియన్ యూనియన్ రైతులకు ఇచ్చే సబ్సిడీల వివరాలను 2005 నుంచి కొందరు జర్నలిస్టులు దేశం దేశం తిరిగి సమాచార చట్టాల కింద రాబట్టారు. చిన్న రైతుల కోసమని చెప్పే డబ్బులో పెద్ద మొత్తాలు చక్కెర కంపెనీలకు, బ్రిటన్ రాజకుటుంబం ఎస్టేట్లకు వెళ్తున్నాయని తేలింది. తర్వాత యూనియనే అందరి పేర్లూ నెట్‌లో పెట్టాలని నిబంధన తెచ్చింది. జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో ఇద్దరు దరఖాస్తుదారులు కోర్టుకు వెళ్లారు. ఒకటి షెకె అనే రైతు భాగస్వామ్య సంస్థ, ఇంకొకరు ఐఫెర్ట్ అనే రైతు. 2010 నవంబరు 9న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. సంస్థల పేర్లు పెట్టడం సరే, వ్యక్తిగా ఉన్న రైతు ఎంత తీసుకున్నా ఒకేలా పేరు బయటపెట్టడం మాత్రం అతి అని కొట్టేసింది. బహిరంగపరచడమే తప్పని కోర్టు అనలేదు, చిన్నా పెద్దా తేడా చూడలేదని అంది. ఆ తర్వాత 2013లో కొత్త నిబంధన వచ్చింది. చిన్న మొత్తాలు తీసుకునేవాళ్ల పేర్లు దాచి, ఆపైన తీసుకునే ప్రతి ఒక్కరి పేరూ ప్రచురిస్తారు. ఆ గీతను సుమారుగా ఏడాదికి 1,250 యూరోల దగ్గర గీశారు.

చిన్నవాడి పేరు దాచి, పెద్దవాడి పేరు చూపించాలన్న ఆ పద్ధతిని మనం అచ్చంగా దించుకోనక్కర్లేదు. మన ఊర్లలో చిన్న రైతుకు తన పేరు జాబితాలో ఉండటమే రక్షణ. లేకపోతే ఇంకొకరు ఆయన డబ్బు తినేస్తారు. ఉపాధి హామీలో ఇది రుజువైంది. 2006 నుంచే మన ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలై, కూలీల పేర్లు, పని దినాలు, కూలి డబ్బులు ఊరి మధ్యలో చదివితే దొంగ మస్టర్లు (హాజరు పట్టీలు) ఎన్నో బయటపడ్డాయి. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీయే ఏర్పడింది. రోజు కూలి పేరు చదివి వినిపించిన రాష్ట్రానికి డ్రిప్పు కంపెనీ బిల్లు చదివి వినిపించడం చేతకాదంటే నమ్మలేం.

పేరు చూపించడం అంటే అన్నీ చూపించడం కాదు. 2017 మేలో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలిస్తే దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, వాటితో పాటు బ్యాంకు ఖాతాలు బహిరంగంగా కనిపించాయి. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. ఆధార్ నంబరు ప్రచురించడం చట్టం ప్రకారమే నిషిద్ధం. ఊరికి కావాల్సింది పేరు, తండ్రి లేదా భర్త పేరు, గ్రామం, పంట, విస్తీర్ణం, మొత్తం, తేదీ. ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు, కులం ఎవరికీ అక్కర్లేదు. గోడ మీద బ్యాంకు ఖాతా నంబరు కనిపిస్తే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, పూర్తిగా చెరిపేయమని అక్కడికక్కడే అడగండి.

అడిగే పద్ధతి

అడగాలనుకునే వాళ్లకు వివరం ఇది. గ్రామ స్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లా, ఆపై స్థాయికి 10 రూపాయలు. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నట్టు కాగితం జతచేస్తే అదీ అక్కర్లేదు. డ్రిప్పు వివరాలకు జిల్లా సూక్ష్మ సేద్య పథకం కార్యాలయం, మామిడికి జిల్లా ఉద్యాన శాఖ, కరెంటుకు డిస్కం.

“మా ఊరి రైతుల వివరాలన్నీ ఇవ్వండి” అని రాస్తే వ్యక్తిగతమని తోసేస్తారు. ప్రశ్నను పథకం మీద పెట్టాలి. ఫలానా గ్రామంలో ఫలానా ఏడాది సూక్ష్మ సేద్య సబ్సిడీ కింద కంపెనీ వారీగా చెల్లించిన మొత్తం, ఒక్కో యూనిట్‌కు మంజూరైన ఎస్టిమేటు, తనిఖీ నివేదిక నకలు, 4(1)(బి) కింద ప్రచురించాల్సిన లబ్ధిదారుల జాబితా, అది ఎక్కడ, ఏ తేదీన ప్రచురించారో చెప్పే వివరం. చివరి ప్రశ్న తప్పక రాయండి. ప్రచురించలేదని జవాబిస్తే చట్టం పాటించలేదని వాళ్లే రాసిచ్చినట్టు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చింది సరిగా లేకపోతే, ఆ పై 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు వేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ప్రతి కాగితానికీ నకలు, రిజిస్టర్ పోస్టు రసీదు దాచుకోండి.